గాయం లెక్క: కర్మా, కారణమా?

పనిలో తగిలిన గాయాన్ని పద్దులో రాయడమంటే, అది ఎందుకు తగిలిందని అడగడానికి ఒప్పుకోవడం. నుదుటిరాత అనుకున్నదానికి ఎవరూ లెక్క కట్టరు. అందువల్ల ప్రమాదాల రిజిస్టరు వెనుక ఒక తాత్త్విక నిర్ణయం ఉంటుంది: దెబ్బకు కారణం ఉంది, అది మనుషుల చేతికి అందుతుంది.

పల్నాడు జిల్లా దాచేపల్లి, నడికుడి, పిడుగురాళ్ల ప్రాంతంలో ఈ ప్రశ్న రోజువారీ బతుకులోనే ఉంది. అక్కడి నేల కింద ఉన్నది సున్నపురాయి, వాడుకలో ముగ్గురాయి. దాన్ని పగలగొట్టి, బట్టీలో బొగ్గుతో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే సున్నమవుతుంది. ఆ సున్నం తడి తగిలితే సలసలా ఉడుకుతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. అలాంటిది జరిగినప్పుడు నలుగురూ అనే మాట ‘గాచారం బాగోలేదు’ అని. దెబ్బ తిన్న ఇంటికి ఆ మాట ఓదార్పు. పని చేయించినవారి నోట అదే మాట బాధ్యత నుంచి తప్పుకునే దారి.

కర్మ సిద్ధాంతమే ఈ దారి చూపిస్తుందనుకోవడం సరికాదు. పాళీ బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి ఇదే అడుగుతాడు: మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా? కాదంటాడు బుద్ధుడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసిన దోషం, రుతువుల మార్పు, ఒంటిని సరిగా కాచుకోకపోవడం, బయటి నుంచి వచ్చిపడిన దెబ్బ, కర్మ విపాకం అని ఎనిమిది కారణాలు చెబుతాడు. కర్మ ఆ ఎనిమిదిలో ఒకటి మాత్రమే. ఈ పాళీ సంప్రదాయం పల్నాడుకు పరాయిది కాదు. ఇదే సీమలోని నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో సింహళ విహారం ఉండేది. బుద్ధుడి ఆ లెక్కన, రక్షణ కళ్ళద్దాలు ఇవ్వని బట్టీలో కన్ను పోతే, వెతకవలసిన కారణం ఈ జన్మలోనే, ఆ బట్టీ దగ్గరే ఉంది.

కారణం వెతకాలంటే కొలత కావాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మరణాన్నీ, 48 గంటలు లేదా అంతకు మించి పనికి దూరం చేసిన గాయాన్నీ అధికారులకు తెలపాలంది. భారత ప్రమాణం ఐఎస్ 3786 రెండు రేట్లు నిర్ణయించింది. పని పోగొట్టిన గాయాల సంఖ్యను పది లక్షలతో గుణించి, అందరూ పనిచేసిన మొత్తం గంటలతో భాగిస్తే వచ్చేది పౌనఃపున్య రేటు. గాయాల బదులు పోయిన పనిదినాలు వేస్తే తీవ్రత రేటు. ఈ లెక్కలో ఒక మరణం 6,000 పనిదినాలు. ఏడాదికి 300 చొప్పున ఇరవై ఏళ్ళు. 1923 నాటి పరిహార చట్టం చేతి బొటనవేలు పోతే సంపాదన శక్తి 30 శాతం పోయినట్టు లెక్కించింది. ఇవి ప్రాణానికీ వేలికీ కట్టిన వెలలు కావు. రెండు కార్ఖానాలను పోల్చడానికో, ఒక కుటుంబానికి బాకీ తేల్చడానికో పెట్టుకున్న గుర్తులు. గుర్తునే విలువ అనుకుంటే అధర్మం మొదలవుతుంది.

కొలత గీసిన గీతకు బయట మిగిలేదీ చాలా ఉంది. కూలి పోతుందని మర్నాడే కట్టుతో పనిలోకి వచ్చినవాడి గాయం 48 గంటల గీత దాటదు. అక్కడ పేదరికమే అంకెను తగ్గిస్తుంది. అనుమతి లేని క్వారీ కాగితం మీదే లేదు గనుక అందులోని దెబ్బకూ చోటుండదు. ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకునే ధూళికి ప్రమాద తేదీ అంటూ ఉండదు. 2023 మే 17న దాచేపల్లి మండలం పొందుగల దగ్గర ఆటోను లారీ ఢీకొని, పొలం కూలి పనికి వెళ్తున్న మహిళలు కనీసం అయిదుగురు చనిపోయారు. అలాంటి మరణం రోడ్డు ప్రమాదాల పద్దులోకి వెళ్తుంది. పనికి వెళ్ళే దారిలో జరిగిన ప్రమాదాన్ని 2010 చట్ట సవరణ ఈఎస్ఐ కార్మిక బీమా పరిధిలోకి తెచ్చినా, పొలం కూలీలు ఆ బీమాలోనే లేరు. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు ప్రాణాలు పోయింది ప్రధానంగా గేటు బయటి ఊరివాళ్ళకు. కార్మికుల పనిగంటలతో భాగించే రేటులో వాళ్ళు కనిపించరు.

అంకెకు బహుమతి కట్టినప్పుడు మరో చిక్కు వస్తుంది. ‘ప్రమాదాలు సున్నా’ అన్న బోర్డు కోసం గాయాన్ని దాచిపెట్టడం మొదలవుతుంది. దానికి విరుగుడు, జరిగిన గాయాలతో పాటు గాయం కాకుండా చేసిన పనినీ లెక్కించడం: కళ్ళద్దాలు ఎందరికి ఇచ్చారు, కన్ను కడుక్కునే నీళ్ళు బట్టీకి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయి, త్రుటిలో తప్పిన దెబ్బలు ఎన్ని, వాటి తర్వాత ఏం మార్చారు.

కాబట్టి గాయాల లెక్క ధర్మబద్ధం కావడానికి మూడు షరతులు. ఆ పని కోసమో, ఆ పని వల్లనో ప్రాణాపాయం ఎదుర్కొన్న ప్రతి మనిషీ అందులో ఉండాలి. ప్రతి గాయం పక్కన దాని కారణం రాసి ఉండాలి. ఆ కారణాన్ని తొలగించే బాధ్యత ఎవరిదో కూడా రాసి ఉండాలి. మూడో గడి ఖాళీగా ఉన్న రిజిస్టరు, గాచారాన్నే అంకెల్లో మళ్ళీ చెబుతుంది.