పగ కమ్మిన కన్నులు

ధ్యానభాగము: 1 యోహాను 2:7–11



పగ మనుష్యుని కన్నులు తీసివేయునని యోహాను భక్తుడు మనకు బోధించుచున్నాడు. పగపట్టినవాడు శత్రువును సరిగా చూడలేడు. తాను నడచు త్రోవను సహితము చూడలేడు. ఈ సత్యమును ఎరుగుటకై, మొదటి ప్రపంచ యుద్ధములో మరణించిన ఒక స్కాట్లాండు యువకుని జీవితమును ఈ నెల మనము తలంచుకొందము.

అతని పేరు చార్లెస్ హామిల్టన్ సోర్లీ. 1895 మే 19వ తేదీన అబర్డీన్ పట్టణమున జన్మించెను. తండ్రి తత్త్వశాస్త్రము బోధించు పండితుడు. కుమారుడు మార్ల్‌బరో పాఠశాలలో చదివి, ఆక్స్‌ఫర్డులో పైచదువునకు విద్యార్థి వేతనము సంపాదించుకొనెను. అక్కడ చేరుటకు ముందు, 1914లో, జర్మను భాష నేర్చుకొనుటకై జర్మనీకి వెళ్లెను. ష్వెరిన్ పట్టణమున ఒక కుటుంబమువారి యింట నివసించి, పిమ్మట యేనా విశ్వవిద్యాలయములో చదివెను. ఒకనాడు జర్మను సైనికులు పాడుకొనుచు పోవుట విని, ఆ పాట తన హృదయమును కదిలించెనని యింటికి జాబు వ్రాసెను. ఆ జనులు అతనికి పరాయివారుగా తోచలేదు.

ఆ యేడు ఆగస్టులో యుద్ధము వచ్చెను. అప్పుడు సోర్లీ ఒక స్నేహితునితో మోసెల్ నదీ ప్రాంతమున కాలినడకను తిరుగుచుండెను. ట్రియర్ పట్టణమున వారిని పట్టుకొని కొద్దికాలము చెరలో నుంచి విడిచిపెట్టిరి. అతడు స్వదేశమునకు చేరి, ఆలస్యము చేయక సఫక్ పటాలములో చేరెను. అయితే తుపాకి పట్టినను పగ పట్టలేదు. జర్మనీ దేశమును సంబోధించి ఒక పద్యము వ్రాసెను. మీరును గ్రుడ్డివారే, మేమును గ్రుడ్డివారమే. ఒకరినొకరు ఎరుగక కొట్టుకొనుచున్నాము. సమాధానము వచ్చిన దినమున క్రొత్త కన్నులతో చూచుకొని చేతులు కలుపుకొందుము అని దాని భావము.

ఆ దినమును చూచుటకు అతడు బ్రదుకలేదు. 1915 మే నెలలో ఫ్రాన్సుకు వెళ్లి, ఇరువది యేండ్లకే కెప్టెన్ ఆయెను. అక్టోబరు 13న లూస్ యుద్ధములో గుండు తలకు తగిలి మరణించెను. అతని దేహము దొరకలేదు. లూస్ యొద్దనున్న స్మారక కట్టడముమీద, సమాధి యెరుగని 20,000 మందికి పైగా సైనికుల పేర్లలో అతని పేరును చెక్కబడియున్నది. అతని సామానులో ఒక పద్యము దొరకెను. మృతులకు మన పొగడ్తలు వినబడవనియు, మన కన్నీళ్లు కనబడవనియు అందులో వ్రాసియుండెను. అతని పద్యములు 1916లో గ్రంథముగా వెలువడెను. 1985లో లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ దేవాలయమున, ఆ యుద్ధకాలపు 16 మంది కవుల పేర్లతో అతని పేరును రాతిమీద నిలిపిరి.

పగ లేనివాడు తుపాకి యేల పట్టవలెను అని మీరడుగవచ్చును. దీనికి సుళువైన జవాబు మాకును తోచదు. అతనిని పరిశుద్ధునిగా నిలువబెట్టుట మా యుద్దేశము కాదు. అయితే మనకొక ప్రశ్న ఉన్నది. ఎదుటి కందకమునుండి గుండ్లు వచ్చుచుండగా అతడు అక్కడివారిని మనుష్యులుగా చూడగలిగెనే! పొలము గట్టుకు అవతల నున్న మన సహోదరుని మనము అట్లు చూచుచున్నామా?

ప్రియులారా, మన గ్రామములలో జానెడు గట్టుకొరకు కోర్టుల చుట్టు తిరిగినవారున్నారు. పెండ్లి పందిటిలో జరిగిన చిన్న అవమానమునకు ఇరువది యేండ్లు మాట మానినవారున్నారు. వారు ఒకే మందిరమున కూర్చుందురు. ఒకే పాట పాడుదురు. ప్రభువు బల్లలో ఒకే రొట్టె తిందురు. కాని బయటికి వచ్చి, ఎదురుపడకుండ వేరు త్రోవను పోవుదురు. తండ్రి పొలముతోపాటు తండ్రి పగను గూడ పంచుకొన్న కుమారులును కలరు. సమాధుల పండుగనాడు వీరే తండ్రి సమాధికి సున్నము వేసి, పువ్వులు పెట్టి, దీపము వెలిగింతురు. మృతుని ప్రేమించుట మంచిదే. కాని అతని పగను ఇంట బ్రదికించుకొని, సమాధిమీద దీపము పెట్టిన ప్రయోజనమేమి? ఆ దీపము మన కన్నుల చీకటిని పోగొట్టునా?

అర్పణము తెచ్చినవాడు దానిని బలిపీఠము నొద్దనే విడిచి, మొదట సహోదరునితో సమాధానపడవలెనని ప్రభువు ఆజ్ఞాపించెను (మత్తయి 5:23–24). యుద్ధము ముగిసిన తరువాత చేతులు కలుపుదమని సోర్లీ ఆశించెను; అతనికి సమయము చాలలేదు. మనకు ఈ దినమున్నది. రేపటి మాట మనమెరుగము. కావున వచ్చు బల్ల ఆరాధనకు ముందుగా, మాట మానిన ఆ యింటి గడప తొక్కుదము. తప్పు ఎవరిదని లెక్క చూడక, మనమే మొదట పలుకరింతము.

తన్ను సిలువ వేసినవారికొరకు ప్రార్థించిన ప్రభువు మన కన్నులు తెరచి, సహోదరుని ముఖమును చూచు కృప మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.