అధికార తృష్ణ – పాపమూలము

మానవుడు ధనమును విడువగలడు, భోగమును విడువగలడు. ఇతరులపై పెత్తనము చేయవలెనను కోరికను విడుచుట మాత్రము మిక్కిలి కష్టము. ఆదవాని చరిత్రయే ఇందుకు సాక్షి. 1748లో నిజాముల్ ముల్కు మరణింపగా, ఆయన కుమారుడు నాసిర్ జంగునకును, ఆదవానిని జాగీరుగా ఏలుచుండిన దౌహిత్రుడు ముజఫర్ జంగునకును దక్కను గద్దెకై వైరము పుట్టెను. 1750 డిసెంబరులో నాసిర్ జంగు తన పక్షమున నిలిచిన పఠాను నవాబుల ద్రోహముచే హతుడయ్యెను. వారి తోడ్పాటుతో గద్దె నెక్కిన ముజఫర్ జంగు 1751లో రాయచోటి ప్రాంతమున వారితోడనే పోరాడి మరణించెను. మేనమామ గతించిన రమారమి రెండు నెలలకే మేనల్లుడును గతించెను.

ఇట్టి తృష్ణ ఎక్కడ పుట్టుచున్నదను ప్రశ్నకు క్రైస్తవుల పవిత్ర గ్రంథమైన బైబిలు లోతైన సమాధానము చెప్పుచున్నది. ఆదికాండమున ఆదిదంపతులను లోబరచుకొన్నది పండు రుచి మాత్రమే కాదు. తామును దేవతలతో సమానులు కాగలమను ఆశ. దేవుని స్థానమున తాను కూర్చుండగోరుటయే పాపమని ఆ కథకు భావము. పిమ్మట ఇశ్రాయేలు ప్రజలు రాజు కావలెనని కోరినపుడు, ఆ రాజు వారి కుమారులను సేనలోనికిని, మేలైన పొలములను తన సేవకులకును, పంటలో పదవ వంతును తీసికొనునని సమూయేలు ప్రవక్త హెచ్చరించెను. ప్రజలు వినరైరి.

ఆ గ్రంథము పాపమును పరులయందు మాత్రమే చూపదు. దావీదు దైవప్రియుడు, కీర్తనకారుడు. అయినను తన సైనికుడైన ఊరియా భార్యను చేపట్టి, ఊరియాను యుద్ధమున ముందువరుసలో నిలిపించి చంపించెను. నాతాను ప్రవక్త ఆ రాజు నెదుటనే నిలిచి, పేదవాని ఏకైక గొఱ్ఱెపిల్లను హరించిన ధనికుని కథ చెప్పి, ఆ ధనికుడు రాజేయని తేల్చెను. ఏసు శిష్యులైన యాకోబు, యోహానులు గురువు మహిమయందు కుడియెడమల ఆసనములు కోరిరి. సర్వమును విడిచి వచ్చినవారిని సైతము ఆసనముపై ఆశ విడువలేదు. తక్కిన పదిమందియు కోపించిరి. ఆ కోపమునందును అదే ఆశ దాగియుండవచ్చును. గొప్పవాడు కాగోరువాడు సేవకుడు కావలెనని గురువు వారికి బోధించెను.

వీరశైవ సిద్ధాంతము జీవుని జన్మపాపిగా తలపదు. ఆణవ, మాయా, కార్మిక మలములచే ఆవృతుడైన జీవుడు గురుకృపచే నిర్మలుడగునని చెప్పును. తత్త్వమున భేదము గలదు. రోగలక్షణము మాత్రము ఒక్కటే. బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భండారియై యుండియు దాసోహమునే తన పదవిగా భావించెను. తుదకు ఆ కొలువును విడిచి కూడలసంగమమునకు వెడలెను.

అట్లయినచో అధికారమే వలదా? అది లేక సంఘము నడువదు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నేతపనివారికై సహకార సంఘమును నెలకొల్పెను. సహకార సూత్రము ననుసరించి, వాటాలెన్ని యున్నను సభ్యునకు ఓటు ఒక్కటే. మానవుడు దుర్బలుడని యెరిగి యేర్పరచిన కట్టుబాటు అది. మఠమునకును సంఘమునకును ఇట్టి కట్టుబాటే రక్ష. లెక్కలు నలుగురి యెదుట నుంచవలెను. నాతానువలె ప్రశ్నించువానిని శత్రువుగా తలపరాదు. సేవ పేరిట పీఠమునే కోరుచున్నానా యని ప్రతి భక్తుడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.