శంకర్‌పల్లి ప్లాట్‌ఫారం ఎవరిది?

పొద్దున ఆఫీసు వేళకు హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఆగగానే, మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న జనం బిలబిలా దిగి షేర్ ఆటోల కోసం పరుగు తీస్తారు. ఎంఎంటీఎస్ మొదలైంది 2003లో. దారి మాత్రం 1874 నాటిది. బొంబాయి, మద్రాసుల మధ్య బ్రిటిష్ ఇండియా వేసుకున్న రైలుమార్గానికి వాడి జంక్షన్ దగ్గర సికింద్రాబాదును కలిపిన లైను ఇదే. ఒక రాజ్యాన్ని పక్క సర్కారు రైలుమార్గంతో కలిపిన దారి అన్నమాట. సొమ్ము నిజాం సర్కారుది. తొందర ఎక్కువగా ఇంగ్లీషు వాళ్లది, వాళ్ల కంటోన్మెంటుది.

ఇరుగుపొరుగు రాజ్యాలను కలిపే దారి ధర్మకార్యమా, బేరమా?

బావులు తవ్వించడం, తోటలు వేయించడం, సత్రాలు కట్టించడం మన శాస్త్రాల్లో పూర్తకర్మలు, పుణ్యం వచ్చే పనులు. తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చినదే సాత్త్విక దానమని గీత 17వ అధ్యాయం చెబుతుంది. ఆ లెక్కన రెండు ప్రభుత్వాలు కలిసి వేసుకునే ఏ రోడ్డుకూ, ఏ రైలుకూ పుణ్యం దక్కదు. సరుకు ఇటు నుంచి ఎంత పోతుంది, అటు నుంచి ఎంత వస్తుంది అని చూసుకున్నాకే కదా ఎవరైనా పునాది రాయి వేసేది!

అశోకుడు ఈ చిక్కును పట్టించుకోలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దంలో చెక్కించిన ఆయన శాసనాల్లో రెండోదానిలో దారుల మాట కూడా ఉంది. మనుషులకూ పశువులకూ వైద్యం, ఔషధ మొక్కలు, బాటల వెంట బావులు, చెట్లు. ఇవన్నీ తన ఏలుబడిలోనే కాదు, చోళ పాండ్యుల సీమల్లో, తామ్రపర్ణిలో (శ్రీలంకలో), యవనరాజు అంతియోకుడి రాజ్యంలో కూడా ఏర్పాటు చేయించానని చెప్పుకున్నాడు. హద్దు అవతలి ఎద్దుకూ దాహం వేస్తుందని ఒక చక్రవర్తి రాతి మీద రాయించడం చిన్న సంగతి కాదు. అయితే ఆ బావులు కావాలని చోళులు అడిగారో లేదో ఆ రాతి మీద లేదు. కళింగను గెలిచినవాడు పంపే చెట్టునీడలో పలుకుబడి కూడా పాకి రావచ్చు.

ఆ అనుమానం వట్టిది కాదని సికింద్రాబాదు–వాడి లైనే చూపించింది. రైల్వే భూముల మీద నేరవిచారణ అధికారాన్ని నిజాం బ్రిటిష్ వారికి వదిలేశాడు. 1895లో లింగంపల్లి దాటాక వచ్చే శంకర్‌పల్లి స్టేషన్‌లో యూసుఫుద్దీన్ అనే మనిషిని సిమ్లా మేజిస్ట్రేటు వారంటు మీద అరెస్టు చేశారు. కేసుకూ రైల్వేకూ సంబంధమే లేదు. ఊరు నిజాందే, ప్లాట్‌ఫారం మాత్రం సిమ్లా చేతికి అందింది! వ్యవహారం లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. నిజాం వదులుకున్నది రైల్వే పాలనకు కావలసినంత అధికారమే, అరెస్టు చెల్లదు అని 1897లో తీర్పు వచ్చింది. దారి ఇచ్చినంత మాత్రాన ఇల్లు ఇచ్చినట్టు కాదని పెద్ద కోర్టు చెబితే గాని తేలలేదు.

పుణ్యం లేకపోతే పోనీ, బేరంలోనూ ధర్మం ఉండొచ్చు. షరతులు బయటపెట్టడం అందులో మొదటిది. 1883లో చాందా (నేటి చంద్రపూర్) దాకా రైలు వేసే పథకం వచ్చినప్పుడు సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి హైదరాబాదు ప్రముఖులు అడిగింది అదే: ఒప్పందం వివరాలు ప్రజల ముందు పెట్టండి, తరవాత నిర్ణయించండి. లండన్ వాటాదారులకు ఏటా 5 శాతం వడ్డీకి నిజాం ఖజానా హామీ పడబోతోంది మరి. సర్కారు అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి వెళ్లగొట్టింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఆ ఏడాదే ఏర్పడింది. 1889కల్లా దాని రైలు బెజవాడ చేరింది. లైన్లన్నీ కంపెనీ నుంచి కొనుక్కుని సొంతం చేసుకోవడానికి నిజాం సర్కారుకు 1930 దాకా పట్టింది.