ఉత్తరను ఎవరును నిందింపలేదు

భారతమున అశ్వమేధపర్వమందు ఉత్తర మృతశిశువును ప్రసవించెను. అశ్వత్థామ యస్త్రమే దానికి కారణము. కుంతీసుభద్రలు శ్రీకృష్ణుని శరణువేడిరే గాని ఆ బాలిక జాతకమును తప్పుపట్టలేదు. మన యిండ్లలోనో, గ్రహణమునాడు బయట తిరిగినదను మాట మొదట వినబడును! ఇది మిక్కిలి అన్యాయము. రక్తపుపోటు, మధుమేహము, అంటురోగములు, ప్రసవమునకు ముందే మాయ విడివడుట, బొడ్డుతాడు చిక్కుపడుట మున్నగునవి వైద్యులు చెప్పు కారణములు. పెక్కుమార్లు పరీక్షించినను కారణము తెలియదు. మరల గర్భము ధరింపకముందే వైద్యుల నడిగి తెలిసికొనవలెను.

మరచిపొమ్మని ఆ తల్లిని తొందరపెట్టకుడు. ఎన్నో యేండ్లు గడచిన పిదప దేవకీదేవి, కంసుడు చంపిన తన యార్గురు బిడ్డలను చూడగోరెను. భగవానుడు ఆమెను మందలింపలేదు. సుతలమున కేగి, బిడ్డలను తెచ్చి తల్లి కప్పగించెను.