హెసియడ్ పొలంలో నాగలి ఎవరిది?

క్రీస్తుకు పూర్వం సుమారు 700 నాటి గ్రీకు కవి హెసియడ్‌ను శ్రమజీవుల ఆదికవి అనాలని అభ్యుదయవాదులమైన మనకు ఉబలాటం కలుగుతుంది. కారణం లేకపోలేదు. హోమర్ వీరులను పాడితే, ఇతడు ‘పనులు-దినాలు’ అనే 828 పంక్తుల కావ్యంలో నాగలిని, కొడవలిని, ఎద్దులను పాడాడు. కృత్తికలు ఉదయించినప్పుడు కోత కొయ్యమన్నాడు, అస్తమించేటప్పుడు దున్నమన్నాడు. పని అవమానం కాదు, సోమరితనమే అవమానమన్నాడు.

కావ్యానికి మూలం ఆస్తి తగాదా. తండ్రి పేదరికం భరించలేక ఆసియా మైనర్‌లోని క్యూమే వదిలి, సముద్రం దాటి, హెలికాన్ కొండ దగ్గర అస్‌క్రా అనే పల్లె చేరాడు. (చలికాలంలో పాడు, వేసవిలో దుర్భరం - సొంత ఊరికి కవి ఇచ్చిన యోగ్యతాపత్రం ఇది!) తరువాత సోదరుడు పెర్సీస్ ప్రభువులకు లంచాలు పెట్టి ఎక్కువ వాటా కాజేశాడు. కవి ఆ ప్రభువులను లంచాలు మేసేవాళ్లని మొహమాటం లేకుండా తిట్టి, వాళ్లకొక కథ చెప్పాడు. డేగ గోళ్లలో చిక్కిన నైటింగేల్ పిట్ట ఏడుస్తుంటే, బలవంతుడితో పోటీపడేవాడు మూర్ఖుడని డేగ నీతి బోధిస్తుంది. దీనికి కవి జవాబు: ఒకదాన్నొకటి తినటం మృగాల పద్ధతి, మనిషికి జియస్ న్యాయాన్నిచ్చాడు. 2,700 ఏళ్ల కిందట ఒక రైతు ఈ మాట అనగలగటం సామాన్యం కాదు.

అయితే ఆ న్యాయం ఎంతదూరం వెళుతుంది? సేద్యానికి ముందుగా ఇల్లు, దున్నే ఎద్దు, ఒక స్త్రీ కావాలంటాడు. ఆమె భార్య కాదు, కొన్న మనిషి అని ఇప్పుడున్న పాఠం విడమరుస్తుంది. నాగలి పట్టటానికి నలభై ఏళ్లవాడు మేలట. కుర్రవాడైతే చూపు తోటివాళ్ల మీదికి పోతుందట. వేసవి ఎల్లకాలం ఉండదు, కొట్లు కట్టండని నడివేసవిలోనే దాసులకు చెప్పమంటాడు.

పని గౌరవమన్న మాట పెర్సీస్‌కు చెప్పాడు. పని చెయ్యకుండా బతికే దారి పెర్సీస్‌కు ఉంది మరి. దాసుల దగ్గర గౌరవం ఊసెత్తలేదు, పని పురమాయించాడు. ప్రభువుల మీద ఆ చిన్నరైతు కోపం నిజమైనది, దాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ కాలపువాడు దాస్యాన్ని ప్రశ్నించలేడని కొందరు సరిపెట్టుకుంటారు. కావచ్చు. కాని న్యాయం మనిషికి దత్తమన్నవాడు ఇతడే. ఆ కొలబద్ద మనం తెచ్చి పెట్టింది కాదు.

గ్రీకులో నైటింగేల్ పేరూ, గాయకుడనే మాటా దగ్గరి చుట్టాలు. కనుక గోళ్లలో చిక్కిన పిట్ట కవేనని చాలామంది వ్యాఖ్యాతలంటారు. కొట్లు కట్టిన దాసులకు ఆ కథలో పిట్ట వేషమైనా దొరకలేదు.