గళ్ళ ముద్ర ఆప్తవాక్యమా?

యథార్థజ్ఞానానికి సాధనమైన దానిని భారతీయ తర్కశాస్త్రం ప్రమాణం అంటుంది. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం (హేతువును బట్టి తెలుసుకోవడం), ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను అంగీకరించి, వాటిలో శబ్దాన్ని ఆప్తుని మాటగా నిర్వచించింది. ఆప్తుడంటే ఇక్కడ చుట్టమనో స్నేహితుడనో అర్థం కాదు. విషయాన్ని స్వయంగా తెలుసుకుని, తెలిసినదాన్ని తెలిసినట్టే ఎదుటివారికి చెప్పాలన్న కోరిక గలవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనని న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు చెప్పడంతో ఆప్తత్వం కులానికీ హోదాకూ చెందక, మాట చెప్పే తీరుకు చెందినదైంది. ప్లాట్ల అమ్మకానికి పంచే బ్రోచర్ల మీద, రోడ్డు పక్క ఫ్లెక్సీల మీద నేడు కనిపించే క్యూఆర్ కోడ్‌ను ఈ నిర్వచనం ముందు నిలబెడితే ఒక కఠినమైన ప్రశ్న పుడుతుంది. మనిషి కంటికి అక్షరంగా అందని, ఫోను మాత్రమే చదవగల ఆ గుర్తు ద్వారా మాట్లాడుతున్నది ఎవరు, ఆ మాటకు పూచీ ఎవరిది?

క్యూఆర్ కోడ్ 1994లో జపాన్‌లో డెన్సో సంస్థకు చెందిన మసాహిరో హారా బృందం చేతిలో పుట్టింది. కార్ల విడిభాగాలను కర్మాగారంలో త్వరగా గుర్తించడం దాని తొలి పని. దాన్ని దగ్గరగా చూస్తే మూడు మూలల్లో ఒకదానిలో ఒకటి ఇమిడిన చతురస్రాలు కనిపిస్తాయి. ఫోను కెమెరా ముందుగా వీటిని పట్టుకుని, కాగితం ఏ వైపు తిరిగి ఉన్నా దిక్కు తెలుసుకుని, మిగిలిన నల్లగళ్ళను, తెల్లగళ్ళను అంకెలుగా, అక్షరాలుగా విప్పుతుంది. అత్యధిక దోషసవరణ స్థాయిలో తయారైన కోడ్‌లో సుమారు 30 శాతం సమాచారం చెడిపోయినా యంత్రం మిగతా గళ్ళ నుంచి దాన్ని తిరిగి రాబట్టగలదు. అయితే ఈ సవరణ చెరిగిన గళ్ళకే పరిమితం. వాననీటికి తడిసిన కోడ్‌ను యంత్రం బాగుచేసుకుని చదువుతుంది కానీ, అసైన్డ్ భూమిని పట్టాభూమిగా చూపే పేజీని కూడా అంతే నిర్దోషంగా తెరుస్తుంది. కోడ్‌కు దారి చూపే శక్తి ఉంది. దారి చివర ఉన్న మాట నిజమో కాదో చెప్పే శక్తి లేదు.

ఇంత చిన్న విషయం ఎందుకు మరుగున పడుతున్నదో తెలియాలంటే అలవాటును పరిశీలించాలి. జ్ఞానప్రామాణ్యం విషయంలో మీమాంసకులకూ నైయాయికులకూ మధ్య పెద్ద వాదం నడిచింది. కలిగిన జ్ఞానం స్వతహాగా ప్రమాణమేననీ, దోషం బయటపడినప్పుడే లేదా బాధకజ్ఞానం కలిగినప్పుడే దాన్ని విడిచిపెట్టాలనీ కుమారిలభట్టు పక్షం, ఇది స్వతఃప్రామాణ్యవాదం. ప్రామాణ్యం వేరే ఆధారం వల్ల తెలియాలనీ, దూరాన నీరు కనిపించినంత మాత్రాన చాలదనీ, దగ్గరకు వెళ్ళి తాగితే దాహం తీరినప్పుడే అది నీరన్న జ్ఞానం సరైనదని నిశ్చయమవుతుందనీ నైయాయికుల పక్షం, ఇది పరతఃప్రామాణ్యవాదం. నైయాయికులు మరొక సూక్ష్మాన్ని కూడా గమనించారు. పదేపదే ఎదురైన విషయంలో, అంటే అభ్యాసదశలో, పరీక్ష ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది కనుక మనిషి శంకించడు. కొత్త విషయంలో, అంటే అనభ్యాసదశలో, సంశయమూ పరీక్షా తప్పవు.

రాజన్న సిరిసిల్ల జిల్లాలో తండాలు ఎక్కువగా ఉన్న వీర్నపల్లి వంటి మండలంలో కూడా కిరాణా కొట్టు గల్లాపెట్టె మీద యూపీఐ కోడ్ ఉంటున్నది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత స్కాన్ చేయడం చాయ్ తాగినంత మామూలు పని అయింది. పది రూపాయలకు స్కాన్ చేస్తే పది రూపాయలే వెళ్తాయి, అవతల ఫోను వెంటనే మోగుతుంది, పరీక్ష అక్కడికక్కడే ముగుస్తుంది. ఇలా వేలసార్లు కుదిరిన నమ్మకాన్ని చెయ్యి తనకు తెలియకుండానే ప్లాటు బ్రోచర్ మీదికి మోసుకెళ్తుంది. జన్మకొకసారి భూమి కొనడం పూర్తిగా అనభ్యాసదశ. ఫోను ఎత్తే భంగిమ మాత్రం అభ్యాసదశకు చెందినది. ఈ రెండూ కలిసిపోయే చోటనే మోసానికి సందు దొరుకుతున్నది.

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కుటుంబాలు చాలా ఉన్నాయి. దుబాయిలో క్యాంపు గదిలో ఉండే కూలి తన ఊరి దగ్గరి వెంచర్ కోడ్‌ను వాట్సాప్‌లో అందుకుని, డ్రోన్ వీడియో చూసి, గజం ధర లెక్కవేసి, ఏళ్ళ ఓవర్‌టైమ్ డబ్బును బయానాగా పంపాలనుకుంటే అతనికి ప్రత్యక్షమూ లేదు, అనుమానానికి తగిన హేతువులూ లేవు. అతని నిశ్చయమంతా శబ్దం మీదనే నిలుస్తుంది. పూర్తిగా మాట మీద ఆధారపడిన మనిషికి మాట చెప్పేవాని బాధ్యత రెట్టింపు కావాలి. ప్రచారంలో నిపుణుడని పేరు తెచ్చుకోవడం కంటే ఆప్తుడనిపించుకోవడం అమ్మకందారుకు పెద్ద ధర్మం.

మాట ఎలా అర్థమవుతుందనే విషయంలో అన్నంభట్టు తర్కసంగ్రహం ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు నియమాలను చెబుతుంది. పదాలు ఒకదాన్నొకటి కోరడం ఆకాంక్ష. అర్థాలు పరస్పరం పొసగడం యోగ్యత. పదాలు ఎడం లేకుండా వినబడడం సన్నిధి. ఆవును తెమ్మనే మాటలో ఒక్కొక్క పదాన్ని జాము తేడాతో పలికితే వినేవానికి వాక్యార్థం కలగదు. ప్లాట్ల ప్రచారం ఎక్కువగా తప్పేది ఈ సన్నిధి దగ్గరనే. గజం ధర ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. లేఅవుట్‌కు అనుమతి ఇంకా రాలేదన్న మాట కోడ్ తెరిచిన తరువాత నాలుగో పేజీ అడుగున ఉంటుంది. రెండూ నిజమే అయినా రెంటి మధ్య ఉన్న ఎడమే అబద్ధం పని చేస్తుంది. కురుక్షేత్రంలో ద్రోణుడు కొడుకు చావు వార్తను నిర్ధారించుకోవడానికి లోకం ఆప్తుడని నమ్మిన ధర్మరాజునే అడిగాడు. ధర్మరాజు అశ్వత్థామ మరణాన్ని బిగ్గరగా, ఏనుగన్న మాటను వినబడనంత మెల్లగా పలికాడు. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన అతని రథం ఆ క్షణంలో నేలను తాకిందని భారతకథ. చెప్పీ చెప్పనట్టు చెప్పడం అసత్యంతో సమానమేనన్న తీర్పు ఆ కథలో ఎప్పుడో వెలువడింది.

ఈ నేల మీద భూమి మాటను రాతిలో చెక్కిన కాలం కూడా ఉంది. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు 10వ శతాబ్దంలో సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో చెక్కించిన శాసనం, తన అన్న పంపకవికి వేములవాడ చాళుక్యరాజు అరికేసరి ధర్మవురం అగ్రహారం ఇచ్చిన సంగతిని పేర్కొంటుంది. భూదాన శాసనాల్లో నాలుగు హద్దులనూ, సాక్షులనూ, దానాన్ని హరించినవారికి కలిగే పాపాన్నీ రాయడం ఆచారం. రాతి మీది మాటను చెప్పినవాడు కూడా మార్చలేడు. డైనమిక్ కోడ్ స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. అది మధ్యలో ఉన్న ఒక చిరునామాకు మాత్రమే తీసుకెళ్తుంది. అక్కడి నుంచి ఏ పేజీకి పంపాలో యజమాని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫ్లెక్సీ మారకుండానే నిన్న పార్కుగా చూపిన స్థలం నేడు ప్లాట్లుగా మారిపోవచ్చు.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, ఈ జారుడు మాటకు పూచీదారును నిలబెట్టడానికి ప్రయత్నించింది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు, దాటిన లేఅవుట్‌ను రిజిస్టరు చేయించకుండా ప్రకటించరాదని 3వ సెక్షన్, ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, ప్రాధికార సంస్థ వెబ్‌సైట్ చిరునామా స్పష్టంగా ఉండాలని 11వ సెక్షన్ చెబుతున్నాయి. ప్రకటనలోని తప్పుడు మాటను నమ్మి సొమ్ము కట్టి నష్టపోయినవారికి పరిహారాన్ని 12వ సెక్షన్ విధిస్తుంది. మహారాష్ట్ర రెరా మరొక అడుగు వేసి, 2023 ఆగస్టు 1 నుంచి ప్రకటనల్లో తాను జారీచేసిన క్యూఆర్ కోడ్‌ను తప్పనిసరి చేసింది. అమ్మేవాడు చేయించుకున్న కోడ్ అమ్మేవాని మాటనే వినిపిస్తుంది. రెరా ఇచ్చిన కోడ్ ప్రభుత్వ నమోదు దగ్గరకు తీసుకెళ్తుంది. చూపుకు రెండూ ఒకే గళ్ళబొమ్మ అయినా ప్రమాణశాస్త్రం దృష్టిలో వక్తలు వేరు. అసలు కోడ్ మీద మరొక కోడ్‌ను స్టిక్కరుగా అతికించడం కూడా సాధ్యమే కనుక, అంచును గోటితో తడిమి చూసుకోవడం సైతం పరీక్షలో భాగమే.

ప్రభుత్వ నమోదు కూడా శబ్దమే, దాహం తీర్చే నీరు కాదు. 1954–55 నాటి ఖాస్రా పహాణీ నుంచి నేటి రికార్డు దాకా పేర్లు ఎలా మారాయో చూడడం, ఆస్తి మీది లావాదేవీలను చూపే ఈసీ తీయించడం, సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో ఉన్నదేమో కనుక్కోవడం అనుమానానికి కావలసిన హేతువులను సమకూరుస్తాయి. ప్రత్యక్షం మాత్రం మోకా మీదనే దొరుకుతుంది. కనుక గల్ఫ్‌లో ఉన్నవారి తరఫున ఇంటివారు ఒకరు, సర్వేయరును వెంటబెట్టుకుని, పొరుగు రైతును పలకరించి, నాలుగు హద్దురాళ్ళనూ తాకి చూసి వచ్చే వరకు బయానా పంపకుండా ఆగాలి.