మైదానం వదిలేది ఎప్పుడు?

ఒంటి బలం మీద బతికేవాడు పని ఎప్పుడు మానాలి? పైకి ఇది వైద్యుడు తేల్చాల్సిన సంగతిలా కనిపిస్తుంది గానీ, మన ధర్మశాస్త్రాలు ఏనాడో చర్చకు పెట్టిన ప్రశ్న ఇది. గృహస్థు ఇల్లు విడిచి అడవికి వెళ్లవలసిన వేళకు మనుస్మృతి ఆరో అధ్యాయం గుర్తులు చెప్పింది: ఒళ్లు ముడతలు పడాలి, జుట్టు నెరవాలి, కొడుక్కి కొడుకు పుట్టాలి. ఇల్లూ పొలమూ ఉన్న గృహస్థుకు ఆ గుర్తులు సరిపోతాయేమో గానీ తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తా మోసే హమాలీకి సరిపోవు. తువ్వాలు మడిచి మెడ వెనక వేసుకుని, లారీ అంచు దగ్గర వీపు వంచి, మీద పడ్డ బరువుతో ఒక్క క్షణం నిలదొక్కుకుని అడుగు వేసే మనిషికి వయసు మొహంలో కాదు, మోకాళ్లలో వస్తుంది. తలంతా నల్లగా ఉండగానే అవి మొరాయిస్తాయి. ఆటగాడిదీ అదే స్థితి. ముప్పై అయిదేళ్లకు మనవడు పుట్టడు, జుట్టు నెరవదు. కాళ్లలో వేగం మాత్రం పోతుంది. శాస్త్రం చెప్పిన గుర్తులేవీ కనిపించకముందే విరమణ వచ్చి గుమ్మంలో నిలబడే ఇలాంటి బతుకులకు ధర్మం ఏం చెబుతుందన్నదే ఇక్కడి విచారణ.

బేస్‌బాల్‌లో ఔట్‌ఫీల్డర్ వృత్తిజీవితం ఈ ప్రశ్నకు మంచి సాక్ష్యం. క్రికెట్‌లో బౌండరీ దగ్గర నిలబడేవాడితో అతణ్ని పోల్చవచ్చు. మైదానం చివరి భాగమంతా ముగ్గురే కాయాలి. బంతి చాలాసేపు రాదు. వచ్చినప్పుడు మాత్రం బ్యాట్ తగిలిన చప్పుడుకే అది ఎక్కడ పడుతుందో లెక్కగట్టి పరుగు తీయాలి. అందుకే కాళ్లు మందగిస్తే ముందుగా దెబ్బతినేది ఔట్‌ఫీల్డరే. మధ్యలో ఉన్నవాణ్ని పక్కకు జరుపుతారు, తర్వాత పరుగు తక్కువుండే ఫస్ట్ బేస్‌కు పంపుతారు, ఆపైన బెంచీ మీద కూర్చోబెడతారు. ఔట్‌ఫీల్డర్లలో అందరికంటే గొప్పవాడిగా చాలామంది లెక్కించే విల్లీ మేస్ 1951లో న్యూయార్క్ జెయింట్స్‌కు ఆడటం మొదలుపెట్టారు. 1954 వరల్డ్ సిరీస్‌లో మైదానానికి వీపు తిప్పి పరుగెత్తుతూ, 400 అడుగులకు పైగా వెళ్లిన బంతిని భుజం మీదుగా అందుకున్నారు. ఆ క్యాచ్‌ను అమెరికా ఇప్పటికీ చెప్పుకుంటుంది. అదే మేస్ 1973లో, 42వ ఏట, ఇదే నా చివరి సీజన్ అని ముందే ప్రకటించి వరల్డ్ సిరీస్ ఆడారు. రెండో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బంతి కోసం పరుగెత్తుతూ మైదానంలో పడిపోయారు. అప్పటి నుంచి 'సమయానికి తప్పుకోనివాడి గతి ఇదీ' అని చెప్పదలచిన ప్రతివారికీ ఆ పడిపోవటమే ఉదాహరణ అయింది.

ఆ తీర్పు అన్యాయమని నా అభిప్రాయం. అదే మ్యాచ్ పన్నెండో ఇన్నింగ్స్‌లో, స్కోర్లు సమంగా ఉన్నప్పుడు, అప్పటికి తాను ఆడుతున్న మెట్స్ జట్టును ముందుకు తెచ్చిన హిట్ కొట్టింది ఆయనే. మెట్స్ 10-7తో గెలిచింది. పడిపోయింది గుర్తుంది, గెలిపించింది ఎవరికీ గుర్తులేదు. 'పేరు చెడకముందే వెళ్లిపో' అన్న సలహా వెనకున్నది వైరాగ్యం కాదు, కీర్తి మీద మమకారం. మంచి ఫలం చేతికొచ్చాక దాన్ని భద్రంగా దాచుకోవాలన్న లోభమది. గీత పద్దెనిమిదో అధ్యాయం ఈ విషయంలో చాలా కచ్చితంగా మాట్లాడుతుంది. ఒళ్లు కష్టపడుతుందన్న భయంతో పని మానేస్తే అది రాజస త్యాగం, అలాంటివాడికి త్యాగఫలం దక్కదు. పని చేస్తూనే ఫలం మీద పట్టు వదిలితే అది సాత్వికం. ఒళ్లు నొస్తుందని మానటమే రాజసమైతే, పేరు పోతుందని మానటం అంతకంటే మేలైనదెలా అవుతుంది? బంతాట శాస్త్రం విధించిన నియత కర్మ ఎలా అవుతుందని పండితులు అడగవచ్చు. కానీ అదే అధ్యాయం ఎవరి పనితో వారు ఈశ్వరుణ్ని అర్చించవచ్చని కూడా చెప్పింది. ఏ పనులు లెక్కకొస్తాయో, ఏవి రావో పట్టిక వేయలేదు. వర్ణాన్ని బట్టి పనులు చెప్పిన సందర్భం అదేనని తెలిసే ఈ మాట అంటున్నాను. ఆ పంపకాన్ని మనం దాటి వచ్చాం. పనిని పూజగా చూడమన్న మాటను మాత్రం దాటాల్సిన అవసరం లేదు.

తెలుగువారిలో దీనికి నిలువెత్తు సాక్షి కల్నల్ సి.కె. నాయుడు. 1895లో నాగపూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 కొట్టారు. 1932లో లార్డ్స్‌లో భారత తొలి టెస్టు కెప్టెన్ అయ్యేనాటికే ఆయనకు 36 ఏళ్లు. ఆడింది ఏడు టెస్టులే. కీర్తి లెక్క చూసుకునేవాడైతే అక్కడే చాలించాలి. ఆయన చాలించలేదు. యాభై దాటాక హోల్కర్ జట్టుకు కెప్టెన్‌గా రంజీ ఫైనళ్లు ఆడారు. 1951-52లో బొంబాయి మీద ఆడిన ఫైనల్లో దత్తు ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి పళ్లు ఊడితే, పిచ్ మీద పడ్డ వాటిని పక్కకు తోసి, వేగం తగ్గించకుండా వేయమని బౌలర్‌కు చెప్పి ఆట సాగించారని క్రికెట్ చరిత్ర చెబుతుంది. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో అడుగుపెట్టినప్పుడు దానికి కెప్టెన్‌గా వచ్చారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందీ 1953లోనే. ఓడిపోయే అవకాశమే ఎక్కువున్న కొత్త జట్టు అది. దేశమంతా పేరున్న మనిషి 58వ ఏట అలాంటి జట్టుతో దిగితే చేకూరే కీర్తి ఏముంటుంది? ఉన్న పేరు తగ్గటానికే వీలెక్కువ. నాకు ఆయన జీవితంలో 153 కంటే ఆ సీజనే పెద్దదిగా కనిపిస్తుంది. 1963లో, 68వ ఏట, చివరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడారు.

ఇక్కడ ఎదురయ్యే బలమైన ఆక్షేపణ మహాభారతంలోనే ఉంది. ఆదిపర్వంలో యయాతి తన ముసలితనాన్ని కొడుకు పూరుడికిచ్చి అతని యౌవనం తీసుకున్నాడు. వెయ్యేళ్లు అనుభవించాడు. చివరికి, అనుభవించిన కొద్దీ కోరిక పెరిగేదే గాని తరిగేది కాదని తెలిసి యౌవనాన్ని తిరిగి ఇచ్చేశాడు. అరవై ఏళ్ల ఆటగాడు జట్టులో నిలిచి ఉంటే, ఇరవై ఏళ్ల కుర్రాడి చోటు పోయినట్టే కదా, ఇది యయాతి పని కాదా అని అడిగితే తోసిపుచ్చలేం. నాయుడు గారి విషయంలోనూ ఆ ప్రశ్న అడగాల్సిందే. అయితే యయాతి చేసిన తప్పు వార్ధక్యంలో ఉత్సాహంగా ఉండటం కాదు, తన ఉత్సాహానికి వెల మరొకరితో కట్టించటం. కాబట్టి అడగాల్సింది వయసు ఎంతని కాదు, వెల ఎవరు కడుతున్నారని. తన చోటు ఖాళీ చేయకుండా కుర్రాళ్లను ఏళ్ల తరబడి బెంచీకి కట్టేసేవాడు ముప్పై రెండేళ్లవాడైనా యయాతే. కొత్తవాళ్లకు ఎలా నిలబడాలో చూపటానికి దిగినవాడు, జట్టు వద్దన్న రోజున మారు మాట్లాడకుండా తప్పుకునేవాడు యయాతి కాదు. ఆట మీద ప్రేమ ఉండవచ్చు. చోటు మీద హక్కు మాత్రం వదులుకోవాలి.

ఇంతకంటే లోతైన అభ్యంతరం మరొకటుంది. శరీర కష్టానికి భయపడి పని మానటం రాజసమని చెబితే, నడుము విరిగినా బస్తా మోయాల్సిందేనని హమాలీకి చెప్పినట్టు కాదా? కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో తెల్లవారకముందే గుండె లోతు నీళ్లలో దిగి వల లాగే మనిషికి, చర్మం పాచిపోయి వేళ్ల సందులు పగిలినా, అదే ధర్మమని చెప్పటం కాదా? ఆ మాట ఎవరైనా అంటే శాస్త్రాన్ని సగమే చదివినట్టు. గీత పదిహేడో అధ్యాయం శరీరాన్ని హింసించే తపస్సును ఆసురమంది. అలాంటివాడు శరీరంలోని భూతాలతో పాటు లోపలున్న ఈశ్వరుణ్ని కూడా పీడిస్తున్నాడంది. కావాలని చేసుకునే హింసనే తప్పుపట్టిన గ్రంథం, గత్యంతరం లేక పడే హింసను ధర్మమని ఎలా అంటుంది? త్యాగం ఎంచుకోగలిగినవాడికి చెప్పిన మాట. మేస్ ఎంచుకోగలిగారు, నాయుడు గారూ ఎంచుకోగలిగారు. మోకాళ్లు పోయినా మార్కెట్టుకు వచ్చే హమాలీ ఎంచుకోలేదు, ఇంట్లో బియ్యం లేవు కాబట్టి వచ్చాడు. వైరాగ్యానికి కూడా ఎవరో అన్నం పెట్టాలి. ఏలూరుకు ఉత్తరాన గుంటుపల్లి కొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ గుహలున్నాయి. జర, వ్యాధి, మరణం గురించి ఆలోచించటానికి లోకాన్ని విడిచిన భిక్షువులు అక్కడ ఉన్నారు. వారి భిక్షాపాత్ర నిండింది కింద ఊళ్లలో వంగి పనిచేసినవారి కష్టంతోనే. అది భిక్షువులకు తక్కువతనమేమీ కాదు. విరమణ ఒక్కడి నిర్ణయంతో అయ్యే పని కాదని, దాన్ని మోసే సమాజం ఒకటి కావాలని ఆ గుహలు చెబుతున్నాయి.

ఈ సత్యాన్ని అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్లు సంఘం పెట్టుకుని, కొట్లాడి గుర్తింపజేసుకున్నారు. మేజర్ లీగ్‌లో 43 రోజులు జట్టులో ఉన్న ఆటగాడికి పెన్షన్ హక్కు వస్తుంది. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమూ కొంత గుర్తించింది. సామాన్యులకు 60 ఏళ్లకు వచ్చే పెన్షన్ చేనేత కార్మికులకు, కల్లుగీత కార్మికులకు, మత్స్యకారులకు 50 ఏళ్లకే ఇస్తోంది. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. మనువు చెప్పలేకపోయిన మాటను ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా ఇది! వృద్ధాప్యం అందరికీ ఒకే వయసులో రాదు, చేసిన పనిని బట్టి వస్తుంది. అయితే ఆ జాబితాలో హమాలీ లేడు. మగ్గం దగ్గర వేళ్లకూ, తాటిచెట్టు మీద కాళ్లకూ వచ్చే ముసలితనం బస్తా కింద వంగిన నడుముకు పదేళ్లు ఆలస్యంగా వస్తుందనటానికి ఆధారం ఏమీ లేదు. వానప్రస్థం గురించి ప్రవచనాలు చెప్పేవారూ, వినేవారూ, మార్కెట్ కమిటీల్లో కూర్చునేవారూ, ఓట్లు అడిగేవారూ ముందు ఈ పని చేయించండి: హమాలీలకూ యాభై ఏళ్లకే పెన్షన్ ఇప్పించండి.